ఏజెంటు తిన్న బయానాకు పూచీ ఎవరు?



“ఫాదర్, ప్లాటు ఇప్పిస్తానని ఏజెంటు డబ్బు తినేస్తే, ప్రభుత్వం దగ్గర దానికొక నిధి ఉందంట గదా, అందులోనుంచి మనకు ఇస్తారంట గదా?” అని మన విచారణల్లో కొందరు అడుగుతున్నారు. అడిగినవారిలో బాగా చదువుకున్నవారూ ఉన్నారు. కాబట్టి ఈ వారం ఆ సంగతే తీసుకుందాం. జవాబు ముందే చెప్పేస్తాను: అటువంటి నిధి మన రాష్ట్రంలో లేదు, మన దేశంలోని స్థిరాస్తి చట్టంలోనూ లేదు. ఈ మాట బయానా ఇవ్వకముందు తెలిస్తే ఇల్లు నిలుస్తుంది. ఇచ్చిన తరువాత తెలిస్తే ఏడుపే మిగులుతుంది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎంతోమంది తల్లులు కువైటుకు పోయి, పరాయి ఇళ్ళలో పనిచేసి, నెలనెలా డబ్బు పంపుతున్నారు. వానలు నమ్ముకొని వేరుశనగ, శనగ వేసే మెట్ట రైతుకు చేతిలో నాలుగు రూపాయలు మిగిలేది ఏ నాలుగైదేళ్ళకో ఒకసారి. ఆ డబ్బును ఎక్కడ పెట్టాలి అంటే అందరి నోటా ఒకటే మాట, “నేల మీద పెట్టు, ఎక్కడికీ పోదు” అని. నేల ఎక్కడికీ పోదు, నిజమే. డబ్బు పుచ్చుకున్నవాడు మాత్రం పోతాడు. కర్నూలులో చూశాం గదా. 2020లో అది న్యాయ రాజధాని అవుతుందని చట్టం వచ్చింది. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది నవంబరులో రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఒక్కో వార్తకు ఒక్కో రంగు బ్రోచరు, ఒక్కో ధర. శనగ చేలల్లో సున్నపు గీతలు గీసి, నాలుగు రాళ్ళు పాతి, దానికొక పూల పేరు పెడితే అది వెంచర్ అయిపోతుంది.

మా విచారణలోని ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. పేరు, ఊరు అక్కరలేదు. కువైటులో ఆరేళ్ళు పనిచేసి పంపిన డబ్బులోనుంచి మూడు లక్షలు ఆమె భర్త ఒక ఏజెంటు చేతిలో పెట్టాడు. ఏజెంటు పరాయివాడు కాడు, వరసకు బావ అవుతాడు. రసీదు అడగడానికి మొహమాటపడ్డాడు. స్టాంపు కాగితం మీద “అందినది” అన్న ఒక్క మాట కూడా లేదు. స్థలం యజమానిని అడిగితే “నాకు పైసా ముట్టలేదు, ఆయనెవరో నాకు తెలియదు” అన్నాడు. ఆమె సెలవుకు వచ్చినప్పుడు నన్ను అడిగిన ప్రశ్నే పైన రాసింది.

ఈ నిధి మాట ఎక్కడనుంచి వచ్చిందో విచారించాను. ఒక మూలం రెరా చట్టమే. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టాన్ని అందరూ రెరా అంటున్నారు. దాని 75వ సెక్షనులో నిజంగానే ఒక నిధి ఉంది, పేరు రియల్ ఎస్టేట్ రెగ్యులేటరీ ఫండు. పేరు వినగానే మోసపోయినవారి కోసమే అనిపిస్తుంది. కాని చట్టం చెప్పేది, ఆ నిధిలోకి ప్రభుత్వ గ్రాంట్లు, రుసుములు వస్తాయి, దానినుంచి రెరా అధ్యక్షునికీ సభ్యులకూ జీతభత్యాలు, కార్యాలయపు ఖర్చులు పోతాయి. మరి ఏజెంట్లకు, వెంచర్ల వారికి వేసే జరిమానాలు? 76వ సెక్షను ప్రకారం అవి రాష్ట్ర ప్రభుత్వం చూపిన ఖాతాకు జమ అవుతాయి. నష్టపోయిన ఇల్లాలి చేతికి రావు. మోసానికి గురైనది ఒకరు, దాని మీద వచ్చిన జరిమానా తీసుకునేది మరొకరు. ఇది నాకు సబబుగా తోచదు.

రెండో మూలం అగ్రిగోల్డు. ఈ కథ మన జిల్లాల్లో తెలియని ఊరు లేదు. ప్లాటు గాని పొలం గాని ఇస్తాం, వద్దంటే గడువు తీరాక వడ్డీతో డబ్బు ఇస్తాం అని చెప్పి, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు లెక్క ప్రకారం సుమారు 32 లక్షల ఖాతాల నుంచి 6,380 కోట్ల రూపాయలు వసూలు చేశారు. ఆ వసూలంతా ఊరూరా ఉన్న ఏజెంట్ల ద్వారానే. ఏజెంటు అంటే మన పక్కింటివాడే, మన బంధువే, తన డబ్బు కూడా అందులో పెట్టినవాడే. 2014-15లో చెల్లింపులు ఆగిపోయాక కంపెనీ పెద్దలు ఎక్కడో ఉన్నారు, జనం వచ్చి తలుపు తట్టింది మాత్రం ఆ ఏజెంటు ఇంటినే. కొందరు ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు.

తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో పది వేల రూపాయల లోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు కట్టినవారికి డబ్బు చెల్లించింది. రెండు విడతల్లో కలిపి సుమారు 10 లక్షల 40 వేల మందికి 905 కోట్లు ముట్టాయి. దీన్ని చూసే మనవాళ్ళు “నిధి ఉంది” అనుకున్నారు. అది నిధి కాదు. అది ఖజానా సొమ్ము, అంటే మీరూ నేనూ ఉప్పు పప్పు కొన్నప్పుడు కట్టే పన్ను. ఒక ప్రభుత్వం ఒక కంపెనీ బాధితుల విషయంలో చేసిన నిర్ణయం. రేపు మరొక వెంచర్ మునిగితే దాన్ని చూపించి అడిగే హక్కు ఎవరికీ లేదు. పైగా ఇరవై వేలు దాటి కట్టినవారు ఆ రెండు విడతల్లోనూ లేరు. జప్తు చేసిన ఆస్తులను బాధితుల కోసం తిరిగి అప్పగించే పని 2025కు గాని ఊపందుకోలేదు. కంపెనీ కూలి అప్పటికి పదేళ్ళు.

మూడో మూలం అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న మన పిల్లలు. అక్కడ నిజంగానే ఇటువంటి నిధులున్నాయి. కాలిఫోర్నియా రాష్ట్రంలో 1964 నుంచి ఉంది. ఏజెంట్లు కట్టే లైసెన్సు రుసుములోనుంచే ఒక భాగం పక్కన పెడతారు. లైసెన్సు ఉన్న ఏజెంటు మోసం చేసినా, తన దగ్గర నమ్మి ఉంచిన సొమ్ము వాడేసుకున్నా, నష్టపోయినవారు ముందు కోర్టులో గెలవాలి, ఆ తరువాత ఏజెంటు దగ్గర వసూలు చేసుకోవడానికి ఏమీ లేదని చూపాలి. అప్పుడు ఒక లావాదేవీకి 50 వేల డాలర్ల వరకు, ఒక ఏజెంటు మీద ఎంతమంది బాధితులున్నా మొత్తం 2 లక్షల 50 వేల డాలర్ల వరకు ఆ నిధినుంచి ఇస్తారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పద్ధతి నాకు ఇంకా నచ్చింది. కొనేవారి బయానాను ఏజెంటు తన సొంత ఖాతాలో వేసుకోవడానికి వీల్లేదు, ట్రస్టు ఖాతాలో ఉంచాలి. ఆ ఖాతాల మీద వచ్చే వడ్డీ, లైసెన్సు రుసుములు, జరిమానాలు అన్నీ కలిసి ఒక ఆస్తి నిధిగా ఏర్పడతాయి, ఏజెంటు సొమ్ము కాజేస్తే పరిహారం అందులోనుంచి వస్తుంది. అంటే ఆ వృత్తిలో జరిగిన తప్పుకు ఆ వృత్తే పూచీ పడుతుంది. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. కాలిఫోర్నియా నిధి లైసెన్సు లేని దళారి చేసిన మోసానికి చెల్లించదు. నిధులున్న దేశంలో కూడా “నీకు లైసెన్సు ఉందా?” అని ముందు అడిగినవారికే రక్షణ.

మన దేశంలో ఇది సాధ్యం కాదని అనకండి. బ్యాంకుల విషయంలో జరిగింది. 1960లో కేరళలోని పాలాయి సెంట్రల్ బ్యాంకు మూతపడింది. పాలా అంటే మన కతోలిక కుటుంబాలు దట్టంగా ఉన్న చోటు. మన బడుల్లో, ఆసుపత్రుల్లో సేవ చేసే కేరళ సిస్టర్లను అడగండి, ఆ పేరు వారి ఇళ్ళలో పెద్దలకు ఇంకా గుర్తే. ఆ దెబ్బ తరువాతనే 1961లో డిపాజిట్ల బీమా చట్టం వచ్చి, 1962 జనవరి 1 నుంచి అమలైంది. మొదట ఒక్కో డిపాజిటుదారుకు 1,500 రూపాయల వరకే పూచీ. 1993లో లక్ష, 2020లో 5 లక్షలు అయింది. బ్యాంకులో పెట్టిన డబ్బుకు ఇంత పూచీ ఉంది. ఏజెంటు చేతిలో పెట్టిన డబ్బుకు ఒక్క రూపాయి పూచీ లేదు. అగ్రిగోల్డు తరువాత కూడా లేదు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు విచారణ పండుగకు వచ్చినప్పుడు దండలు వేయడంతో పాటు ఈ ప్రశ్న కూడా వేయవచ్చు. రెరా జరిమానాలను ఎందుకు బాధితుల నిధిగా మార్చకూడదు అని.

అంతవరకు ఏం చేయాలి? ఆదికాండము 23వ అధ్యాయము ఒకసారి తీసి చదవండి. సారా చనిపోయినప్పుడు అబ్రహాము సమాధి కోసం మక్పేలా గుహను కొన్న ఘట్టం అది. ఊరికే ఇస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు. యజమానితోనే, ఊరి గవిని దగ్గర, అందరూ వింటుండగా బేరం కుదుర్చుకొని వెండి తూచి ఇచ్చాడు. పొలం, అందులోని గుహ, దాని సరిహద్దుల్లోని చెట్లు కూడా లెక్కలోకి వచ్చాయి. యిర్మీయా ప్రవక్త 32వ అధ్యాయములో అనాతోతు పొలం కొన్నది సొంత పినతండ్రి కొడుకు దగ్గరే. అయినా పత్రం రాయించాడు, సాక్షులను పెట్టాడు, ముద్ర వేసిన ప్రతినీ తెరిచి ఉన్న ప్రతినీ మట్టికుండలో దాచమన్నాడు. బంధువు గదా అని ప్రవక్త మొహమాటపడలేదు. మనం పడుతున్నాం.

ఇక మన చట్టం ఇచ్చే రక్షణ. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు మించిన నేలలో ప్లాట్లు వేసి అమ్మాలంటే ఆ వెంచర్ రెరాలో నమోదు కావాలి. దాన్ని అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలి. బ్రోకరన్నా, దళారన్నా, మధ్యవర్తి అన్నా చట్టం దృష్టిలో ఏజెంటే. అతనికొక నంబరు ఇస్తారు, ప్రతి అమ్మకంలో ఆ నంబరు చూపాలి. నమోదు లేని ఏజెంటుకు రోజుకు 10 వేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా ఉంది. నంబరు అడగండి. చెప్పిన నంబరును రాష్ట్ర రెరా వెబ్‌సైటులో మన కళాశాల పిల్లల చేత చూపించుకోండి. ఐదు నిమిషాల పని.

అన్నిటికంటె ముఖ్యమైనది 13వ సెక్షను. వెంచర్ వారు ధరలో పదో వంతుకు మించి బయానా తీసుకోవాలంటే, ముందు అమ్మకపు ఒప్పందం రాసి దాన్ని రిజిస్టరు చేయాలి. “సగం ఇప్పుడు కట్టండి, కాగితాలు తరువాత చూసుకుందాం” అన్నవాడు ఆ ఒక్క మాటతోనే చట్టం దాటాడు. డబ్బు ఏజెంటు చేతికి గాని, ఏజెంటు ఖాతాకు గాని పోకూడదు. వెంచర్ ఖాతాకు లేదా యజమాని ఖాతాకు చెక్కు రూపంలోనో, బ్యాంకు ద్వారానో పోవాలి. స్థలాల లావాదేవీలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదు బయానా పుచ్చుకోవడం 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా ఒప్పుకోదు. ఏజెంటు కమిషను వేరు, స్థలం ధర వేరు. రెండూ ఒకే చేతిలో పెట్టవద్దు.

రాయలసీమలో ఇంకొక గోతి ఉంది, డి.కె.టి. పట్టా. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్ళు దాటినవాటి గురించి 2023లో సవరణ వచ్చింది గాని, “ఇప్పుడు అన్నీ ఫ్రీ అయిపోయాయి” అని ఏజెంటు చెబితే నమ్మకండి. సర్వే నంబరు రాసుకొని తహశీల్దారు కార్యాలయంలోనూ, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనూ అడగండి. నిషేధిత జాబితా అంటే 22-ఎ జాబితాలో ఆ నంబరు ఉందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఈసీ, అడంగల్, 1-బి, లింకు డాక్యుమెంట్లు చూడకుండా చేనుగట్టు మీద బేరం వద్దు.

ఇప్పటికే డబ్బు పోయినవారు ఏం చేయాలి? వెంచర్ అయితే రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. 31వ సెక్షను ప్రకారం వెంచర్ వారి మీదనే కాక ఏజెంటు మీద కూడా ఫిర్యాదు చెల్లుతుంది. స్థలం అప్పగించని వెంచర్ వారి నుంచి డబ్బు వడ్డీతో తిరిగి ఇప్పించే అధికారం ఉంది, ఇవ్వకపోతే శిస్తు బకాయిలాగ వసూలు చేస్తారు.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. కర్నూలులోనూ కడపలోనూ ఉన్నాయి. ప్లాట్ల విషయంలో “మేము అమ్మింది నేల మాత్రమే, సేవ కాదు, వినియోగదారుల చట్టం మాకు వర్తించదు” అని హైదరాబాదుకు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్స్ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2012 మే 10న కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. రోడ్లు, కాలువలు, అనుమతులు సమకూరుస్తామని చెప్పి ప్లాట్లు అమ్మితే అది సేవే అని తీర్పు చెప్పింది. తెలుగు నేల మీద పుట్టిన ఈ కేసు దేశమంతటి కొనుగోలుదారులకు ఆసరా అయింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కమిషన్‌లో ఫిర్యాదు రుసుము లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌లోనే వినవచ్చు. రెండేళ్ళ గడువు మాత్రం మరచిపోవద్దు. “వచ్చే నెల ఇస్తా, పండుగకు ఇస్తా” అంటూ ఏజెంటు గడిపేది ఆ రెండేళ్ళనే.

ఒక రైతు దగ్గర సొంత చేనో, పాత ప్లాటో నేరుగా కొన్నట్లయితే రెరా గాని, వినియోగదారుల చట్టం గాని ఆ అమ్మకానికి పనికిరావు. అప్పుడు మిగిలేది సివిలు కోర్టు, దానికి సాధారణంగా మూడేళ్ళ గడువు. డబ్బు పుచ్చుకొని మొదటినుంచి మోసమే తలపెట్టినవాడి మీద పోలీసు కేసు కూడా పెట్టవచ్చు. అందరికీ తెలిసిన 420 స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను వచ్చింది. అదే రోజు అమలైన నాగరిక్ సురక్షా సంహిత 107వ సెక్షనులో కొత్త సంగతి ఒకటుంది. నేరం ద్వారా సంపాదించిన ఆస్తిని కోర్టు జప్తు చేసి, కలెక్టరు ద్వారా బాధితులకు పంచవచ్చు. మన చట్టంలో బాధితుల నిధికి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. కాని అందులో ఉండేది ఆ మోసగాడి దగ్గర దొరికినదే. అతడు అప్పటికే ఖర్చు పెట్టేస్తే పంచడానికి ఏమీ ఉండదు.

ఏజెంట్లుగా పనిచేసే మన విశ్వాసులకు కూడా రెండు మాటలు. ఈ పని పాపం కాదు. కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపి న్యాయమైన కమిషను తీసుకోవడం కష్టార్జితమే. కాని సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు గారి ఒక పాఠం మాకు బాగా నూరిపోశారు. అన్యాయంగా తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చివేయడం దయ కాదు, న్యాయం. అది తీసుకున్నవాడితో ఆగదు. ఆజ్ఞ ద్వారా, సలహా ద్వారా, సమ్మతి ద్వారా, పొగడ్త ద్వారా, చెప్పవలసిన చోట మౌనంగా ఉండటం ద్వారా నష్టానికి తోడ్పడినవారికి కూడా ఆ బాధ్యత ఉండవచ్చునని ఆయన ఒక్కొక్కటిగా విడదీశాడు. “నేను చెప్పాను అంతే, డబ్బు కంపెనీ తీసుకుంది” అనే ఏజెంటు ఈ జాబితాలో తన చోటు వెదుక్కోవాలి. పట్టా చెల్లదని తెలిసీ నోరు మెదపనివాడు కూడా. పాపసంకీర్తనానికి వచ్చి “మోసం చేశాను ఫాదర్” అంటే సరిపోదు, “ఎంత తిరిగి ఇచ్చావు?” అని గురువు అడగవలసి ఉంటుంది. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకింతని కాగితం రాసి ఇవ్వాలి.

పైన చెప్పిన ఇల్లాలికి నేను చెప్పినది ఇంతే. బ్యాంకు పుస్తకంలో మూడు లక్షలు తీసిన రోజు, ఫోనులో ఏజెంటు పంపిన సందేశాలు, బేరం జరిగినప్పుడు ఉన్న ఇద్దరి పేర్లు, అన్నీ ఒకచోట చేర్చమన్నాను. తరువాత జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పంపాను. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. షెడ్యూల్డు కులాల వారికి కూడా ఆ హక్కుంది. కాని మన దళిత క్రైస్తవ కుటుంబాలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఆ కింద రాదు, ఇక్కడ వారిని బి.సి.-సి లోనే లెక్కిస్తారు. ఆ ఇళ్ళలోని మగవారు ఆదాయ ధ్రువపత్రం తీసుకొని పోవాలి. ఇంటి ఆడవారి డబ్బుతో, ఆడవారి పేరు మీద బేరం జరిగి ఉంటే ఆమే పోవడం మంచిది. ఫోను మీద అడగదలచినవారికి న్యాయసేవా సంస్థల నంబరు 15100, వినియోగదారుల సహాయ నంబరు 1915.